ఓడ మంచిదే, తేదీయే మార్చుకోండి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నాము. మా అత్తగారు, మామగారు కాకినాడ నుంచి ఆగస్టులో వచ్చారు, సంక్రాంతి వేళకు తిరిగి వెళ్తారు. మామగారికి ఈ ఏడే భీమరథ శాంతి జరిగింది. ఆ సంతోషంలో పిల్లలతో సహా ఆరుగురం కలిసి గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్దామనుకున్నాము. మేము చూసిన ఓడకు ఇరవై ఏళ్ళు దాటాయి. అక్టోబరులో మరమ్మతులకు డ్రై డాక్‌కు వెళ్ళి, నవంబరు రెండో వారంలో "సరికొత్తగా" తిరిగి వస్తుందట. వచ్చాక మొట్టమొదటి ప్రయాణానికి ఆరుగురికి అయ్యే ఖర్చు, డిసెంబరు మొదటి వారం ప్రయాణంతో పోలిస్తే తొమ్మిది వందల డాలర్లు తక్కువ. మావారు పాత ఓడ వద్దు, ఇంకాస్త పెట్టి కొత్త ఓడే ఎక్కుదామంటున్నారు. ఆర్టీసీ డిపోలో మెకానికల్ ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరైన మా మామగారు "బాడీకి రంగు వేశారా, ఇంజను కూడా విప్పారా, అది కనుక్కోండి" అంటున్నారు. ఆయనకు ఎడమ మోకాలి ఆపరేషన్ అయింది, చేతికర్రతో నడుస్తారు. అత్తగారు శాకాహారి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ప్లేనో

సమాధానం: ముందుగా నా అభిప్రాయం చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. ఆ ఓడను వదులుకోవలసిన అవసరం లేదు, అయితే ఆ మొదటి ప్రయాణం మీకు తగినది కాదు. డిసెంబరు మొదటి వారం ప్రయాణానికే బుక్ చేసుకోండి. తగ్గుతున్న తొమ్మిది వందల డాలర్లను కంపెనీ ఇస్తున్న కానుకగా మీరు చూస్తున్నారు గాని, ముస్తాబైన ఓడను మొదటి వారం నడిపి చూసేటప్పుడు ప్రయాణికులు పడే ఇబ్బందికి అది ముందుగా కట్టిన ఖరీదని నా ఉద్దేశం. ఇద్దరు కుర్రవాళ్ళు వెళ్తున్నట్లయితే నేనే ఆ బేరం తీసుకోమనేవాణ్ణి. డెబ్బై ఏళ్ళ మనిషి మోకాలిని వెంటబెట్టుకుని వెళ్తున్నవారికి ఆ మాట చెప్పలేను.

మీ మామగారు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. దానికి జవాబు కూడా ఆయన భాషలోనే ఉంది. బస్సును ఎఫ్.సి.కి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పంపేటప్పుడు డిపోలో ఏం చేస్తారో ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు చట్టం కోసం చూస్తారు, సీట్ల గుడ్డ, రంగు ఎలాగూ బస్సు ఆగింది కాబట్టి చేస్తారు. ఓడ డ్రై డాక్‌కు వెళ్ళడమూ దాదాపు అంతే. సముద్ర భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ప్రయాణికుల ఓడ అడుగుభాగాన్ని ఐదేళ్ళలో కనీసం రెండుసార్లు నీళ్ళలో నుంచి పైకి తీసి తనిఖీ చేయించాలి. ఓడను గోదిలోకి, అంటే ఆ డాక్‌లోకి తీసుకువెళ్ళి, తలుపులు మూసి, నీళ్ళన్నీ తోడేసి, దిమ్మెల మీద నిలబెట్టి అడుగున పట్టిన నాచును, గుల్లలను గీకి, రంగు వేస్తారు. ప్రొపెల్లర్లు, వాటి ఇరుసుల దగ్గర నీరు లోపలికి రాకుండా ఆపే సీళ్ళు, సముద్రపు నీటిని లోపలికి తీసుకునే వాల్వులు, ఓడ ఊగకుండా రెండు పక్కలా రెక్కల్లా చాచుకునే స్టెబిలైజర్లు, ఇవన్నీ అప్పుడే చూస్తారు. నీళ్ళలో ఉండగా ఈ పనుల్లో చాలావాటిని చేయడం కుదరదు. కాబట్టి "ఇంజను కూడా విప్పారా" అన్నదానికి, విప్పవలసినవి విప్పక తప్పదన్నదే సమాధానమని ఆయనకు చెప్పండి. కంపెనీ ప్రకటనలో మాత్రం ఈ ముక్క ఒక్కటీ కనిపించదు. అందులో కొత్త జారుడుబండ, కొత్త కాఫీ కొట్టు, కొత్త కార్పెట్టు మాత్రమే ఉంటాయి. ఇరుసు సీలు బొమ్మ చూపించి టికెట్లు అమ్మడం ఎవరికి సాధ్యం?

ఓడ వయసును చూసి మీవారు భయపడుతున్న భద్రత విషయం కూడా ఇక్కడే తేల్చేస్తాను. అమెరికా రేవుల నుంచి ప్రయాణికులను ఎక్కించుకునే విదేశీ జెండా ఓడలను, అంటే వేరే దేశంలో నమోదైన ఓడలను, ఇక్కడి కోస్ట్ గార్డ్ ఏడాదికి రెండుసార్లు పరీక్షిస్తుంది. అగ్నిమాపక ఏర్పాట్లు, లైఫ్ బోట్లు, సిబ్బంది శిక్షణ అన్నీ ఆ పరీక్షలో ఉంటాయి. ఇరవై ఏళ్ళ ఓడ అయినా, నిరుడు కట్టిన ఓడ అయినా ఆ పరీక్ష దాటవలసిందే. కనుక వయసు వల్ల ప్రాణభయం ఉందనే మాటను పక్కన పెట్టి, వయసు వల్ల కలిగే అసౌకర్యాన్ని గురించే ఆలోచించండి. అది వేరే సంగతి, అది నిజంగానే ఉంది.

మొదటి ప్రయాణం ఎందుకు వద్దంటున్నానో ఇక వివరిస్తాను. డ్రై డాక్ గడువు సాధారణంగా రెండు మూడు వారాలు, పెద్ద మార్పులైతే నెలా రెండు నెలలు. ఆ గడువు మొదలు కాకముందే, తిరిగి వచ్చే తేదీకి టికెట్లు అమ్ముడైపోయి ఉంటాయి. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని ఇల్లు బాగుచేయించినవాళ్ళకు ఈ పరిస్థితి తెలుసు. మేస్త్రీ ఆలస్యం చేసినా ముహూర్తం ఆగదు. ఓడలోనూ పనులు మిగిలిపోతే ఓడను ఆపరు, పనివాళ్ళను ఓడలోనే ఉంచి బయలుదేరతారు. వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, కార్పెట్టు పరిచేవాళ్ళు ఓడలోనే గదులు తీసుకుని, ప్రయాణికులు దిగి ఊరు చూసే వేళల్లోను, అర్ధరాత్రి దాటాకను మిగిలిన పని పూర్తిచేస్తుంటారు.

కొన్నేళ్ళ క్రితం నేను ఇలాంటి ప్రయాణంలోనే వెళ్ళాను. ఓడ పేరు, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. గది తలుపు తెరవగానే కార్పెట్టు జిగురు వాసన గుప్పుమని కొట్టింది. బాల్కనీ లేని గది కావడంతో ఆ వాసన మూడు రోజులు పోలేదు. కొత్త అద్దం మీద నీలం టేపు నాలుగు అంచులా అలాగే ఉంది, స్విచ్చు బోర్డు మీద రక్షణకు అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొరను మేమే గోటితో లాగి తీశాము. మధ్య లిఫ్టులు నాలుగింటిలో ఒకదానికి ప్లైవుడ్ పలక అడ్డుగా కొట్టి, దాని మీద క్షమాపణ కాగితం అంటించారు. రెండో రోజు స్నానానికి వేడినీళ్ళు రాలేదని ఫోన్ చేస్తే, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మా గది నంబరు చెప్పకముందే "మీ వరుసంతా అలాగే ఉందండీ" అన్నది. ఆ అమ్మాయి తప్పు లేదు, ఆమె కూడా ఆ ఓడలోకి మాతోపాటే కొత్తగా వచ్చింది. ఇక్కడ గమనించవలసినది అదే. పని మిగలకపోయినా మనుషులు కొత్త. కొత్తగా పెట్టిన హోటల్లో ఏ బల్లకు ఎటునుంచి వడ్డించాలో, కొత్త కౌంటరులో పళ్ళాలు ఎక్కడ తీసుకోవాలో సిబ్బందికి అలవాటు కావడానికే రెండు మూడు ప్రయాణాలు పడతాయి. మీరు చూసిన డిసెంబరు తేదీ నా లెక్కలో నాలుగో ప్రయాణం అవుతుంది. అప్పటికి జిగురు వాసనా పోతుంది, తడబాటూ పోతుంది.

ఇది నా ఒక్కడి అనుభవాన్ని పట్టుకుని చెబుతున్న మాట కాదు. 1996లో ప్రయాణాలు మొదలుపెట్టినప్పుడు ప్రపంచంలో లక్ష టన్నులు దాటిన మొదటి ప్రయాణికుల ఓడగా పేరుపొందిన కార్నివాల్ డెస్టినీని, 2013లో పదిహేనున్నర కోట్ల డాలర్లు ఖర్చు చేసి, పేరు కూడా కార్నివాల్ సన్‌షైన్ అని మార్చి తిరిగి తెచ్చారు. పని అనుకున్న వేళకు పూర్తికాక ప్రారంభ ప్రయాణాలు రద్దు చేయవలసి వచ్చింది. రాయల్ కరీబియన్ వారి ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ కథ ఇంకా ఆసక్తికరమైనది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఆ ఓడ కొన్నేళ్ళు స్పెయిన్‌కు చెందిన అనుబంధ కంపెనీకి పనిచేసి, 2016లో మరమ్మతుల తరువాత అమెరికాకు తిరిగి రావలసి ఉంది. మార్చి నెలాఖరులో మొదలు కావలసిన ప్రయాణాలు మే నెలాఖరు దాకా ఆగాయి. కారణం ఇంజను కాదు, వంటశాలలు. ఇక్కడి ప్రజారోగ్య ప్రమాణాలకు సరిపోయేలా వాటిని తిరిగి కట్టడానికి అంత సమయం పట్టింది. ఆ ఓడే తరువాత చేతులు మారి, మన దేశపు క్రూయిజ్ కంపెనీ కార్డేలియా వారి ఎంప్రెస్‌గా 2022 జూన్‌లో విశాఖపట్నం రేవుకు వచ్చింది. బీచ్ రోడ్డు మీద నిలబడి దాన్ని చూసి ఫోటోలు తీసుకున్న మనవాళ్ళలో చాలామందికి అది ముప్పై రెండేళ్ళ ఓడ అని తెలియదు. బాగా చూసుకుంటే ఓడ ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పడానికి అదొక ఉదాహరణ, పునరుద్ధరణ తేదీలను ఎంతవరకు నమ్మాలో చెప్పడానికీ అదే ఉదాహరణ.

ఇక మీ ఇంటికి సంబంధించిన అసలు విషయానికి వస్తాను. ఏమేమి మార్చారో ప్రకటన చెబుతుంది గాని, ఏమేమి మార్చలేదో మీరే అడిగి తెలుసుకోవాలి. మీ మామగారి విషయంలో ఆ మార్చనివాటికే ప్రాముఖ్యం ఎక్కువ.

ఓడ కట్టేటప్పుడు స్నానాలగదులను విడిగా ఒక పెట్టెలా తయారుచేసి, గొట్టాలు, తీగలతో సహా తెచ్చి గదిలో అమరుస్తారు. అలా అమర్చినదాన్ని తరువాత ఊడదీసి వేరేది పెట్టడం చాలా ఖర్చుతో కూడిన పని. అందువల్ల పునరుద్ధరణలో పరుపులు, కర్టెన్లు, సోఫా, టీవీ, గోడరంగు మారినా, స్నానాలగది మాత్రం కొత్త కొళాయి, కొత్త అద్దం తగిలించుకుని పాతదిగానే ఉండిపోవడం మామూలే. పాతదైతే ఏమవుతుందంటే, ఓడల్లో స్నానాలగది గుమ్మానికి గడప ఉంటుంది, నీళ్ళు గదిలోకి రాకుండా కాస్త ఎత్తుగానే ఉంటుంది. లోపల షవరు దగ్గర ఇంకొక చిన్న గట్టు. పాత ఓడల్లో అద్దపు తలుపుకు బదులు గుడ్డ తెర ఉంటుంది, అది తడిసి ఒంటికి అతుక్కుంటుంది, పట్టుకుంటే ఆసరా ఇవ్వదు. అర్ధరాత్రి ఓడ కొంచెం ఊగుతుండగా, నిద్రమత్తులో, కర్ర మంచం దగ్గరే మరిచిపోయి, ఆపరేషన్ అయిన కాలిని ఎత్తి ఆ గడప దాటవలసిన మనిషిని ఒకసారి ఊహించుకోండి. జారుడుబండ కొత్తదా పాతదా అనేది అప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు.

అందుకని కంపెనీకి ఫోన్ చేసి, ప్రయాణికుల ప్రత్యేక అవసరాలు చూసే విభాగాన్ని అడిగి, ఫలానా తరగతి గదిలో స్నానాలగది గడప ఎంత ఎత్తు, పట్టుకోవడానికి కమ్మీలు ఎక్కడెక్కడ ఉన్నాయి, షవరుకు తలుపా తెరా అన్న మూడు సంగతులూ కనుక్కోండి. వీల్‌చైరు వాడేవారి కోసం గడప లేకుండా, షవరులో కూర్చునే పలకతో కట్టిన గదులు ప్రతి ఓడలోనూ కొన్ని ఉంటాయి. అవి కొద్దిసంఖ్యలోనే ఉంటాయి కాబట్టి, వాటిని తీసుకునేవారికి ఉన్న అవసరం ఏమిటో కంపెనీ అడుగుతుంది. ఆపరేషన్ అయి కర్రతో నడుస్తున్నారని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇవ్వగలిగితే ఇస్తారు. అంతకంటే ఎక్కువ చెప్పి, నిజంగా చక్రాల కుర్చీలో ఉన్న మరొకరి గదిని తీసుకోవడం మాత్రం భావ్యం కాదు.

రెండో సంగతి జనం. పునరుద్ధరణ పేరుతో కంపెనీలు చేసే పనుల్లో, వాళ్ళు తక్కువగా మాట్లాడేదీ వాళ్ళకు ఎక్కువ ఆదాయం తెచ్చేదీ కొత్త గదులు కలపడం. పాత లాంజినో, గ్రంథాలయాన్నో, ఖాళీగా ఉన్న డెక్కు మూలనో గదులుగా మార్చేస్తారు. నేను పైన చెప్పిన సన్‌షైన్‌లో అలా 182 గదులు చేరాయి. 2005లోనైతే ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ద సీస్ అనే ఓడను రాటర్‌డామ్‌లో అడ్డంగా రెండు ముక్కలుగా కోసి, నడుమ 73 అడుగుల కొత్త ముక్క పెట్టి అతికారు. ఇనుమును కోసి అతకడం గురించి ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మీ మామగారికి ఈ సంగతి చెప్పండి, ఓడ ఎక్కడానికి ముందే ఆయనకు వారం రోజులు మాట్లాడుకోవడానికి సరిపోతుంది. ఓడను పొడిగిస్తే డెక్కు కూడా పెరుగుతుంది కాబట్టి అది ఒక రకంగా న్యాయమే. పొడిగించకుండా గదులు మాత్రం కలిపితే లిఫ్టులు అవే, భోజనశాల అదే, ఈతకొలను అదే, మనుషులు మాత్రం రెండు మూడు వందల మంది ఎక్కువ. మోకాలు నొప్పి ఉన్నవారికి లిఫ్టు దగ్గర నిలబడే పది నిమిషాలు చిన్న విషయం కాదు. కాబట్టి మరమ్మతుకు ముందు గదులు ఎన్ని, తరువాత ఎన్ని అన్న లెక్క అడగండి. ఓడ సామర్థ్యం చెప్పేటప్పుడు గదికి ఇద్దరి చొప్పున లెక్కేస్తారు, మీలా పిల్లలతో వచ్చేవారి మూడో పడక, నాలుగో పడక ఆ లెక్కలోకి రావు. ఈ కారణంగా సెలవుల వారాల్లో ఓడ నూటికి నూరు కంటే ఎక్కువే నిండుతుంది. థాంక్స్‌గివింగ్‌కూ క్రిస్మస్‌కూ నడుమ వచ్చే మొదటి వారాలు ఈ విషయంలో ప్రశాంతమైనవి, అందుకే ఆ తేదీ మీకు రెండు విధాలా కలిసివస్తుందంటున్నాను. పిల్లలకు ఎటూ వారం బడి మానిపించవలసిందే కదా, ఏ వారమైతేనేం.

గది ఎంచుకునేటప్పుడు ఓడ పటాన్ని చూస్తారు. ఆ పటం మరమ్మతుకు ముందుదా తరువాతదా అన్నది తప్పక సరిచూసుకోండి. టికెట్లు అమ్మే ఏజెంట్ల దగ్గర పాత పటాలు చాలాకాలం అలాగే ఉండిపోతాయి. నిన్నటిదాకా తలమీద నిశ్శబ్దమైన లాంజి ఉన్న గదికి ఈరోజు పిల్లల ఆటస్థలమో, రాత్రి రెండింటిదాకా మోగే పాటల గదో వచ్చి ఉండవచ్చు. పైన, కింద కూడా గదులే ఉన్న అంతస్తులో, ఓడ నడిమి భాగంలో, లిఫ్టుకు నాలుగైదు తలుపుల దూరంలో పెద్దవాళ్ళ గది తీసుకోండి. నడిమి భాగంలో ఊపు తక్కువ, నడక కూడా తక్కువ. మీ గదిని వాళ్ళ గదికి పక్కనే, నడుమ తలుపు ఉండేలా అడగండి. పాత ఓడల్లో ప్లగ్గులు తక్కువగా ఉంటాయి, మంచం పక్కన అసలే ఉండకపోవచ్చు. మీ మామగారు రాత్రిపూట ఏదైనా యంత్రం పెట్టుకుని పడుకునేవారైతే ఇది ముందే చెప్పాలి.

మీవారు కోరుతున్న కొత్త ఓడ సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇప్పుడు కడుతున్న పెద్ద ఓడలు నిజంగా అద్భుతాలే. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు దాదాపు 365 మీటర్లు. పిల్లలకు అది తిరునాళ్ళ. కానీ గది ఒక చివరా భోజనశాల ఇంకొక చివరా వస్తే, రోజుకు మూడు పూటలా ఆ దూరం నడవవలసింది మీ మామగారే. కొత్త ఓడల్లో స్నానాలగదులు మెరుగు, ప్లగ్గులు ఎక్కువ, లిఫ్టులు ఎక్కువ, ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా ధరలో ఉన్న తేడానంతా పెట్టి ఆ నడకను కొనుక్కోవడం ఈ ప్రయాణానికి అవసరమా అన్నది మీవారు ఆలోచించుకోవాలి. పెద్దవాళ్ళు లేకుండా మీరు నలుగురే వెళ్ళే రోజున ఆయన మాటే నెగ్గాలి.

అత్తగారి భోజనం విషయంలో పునరుద్ధరణ వల్ల వచ్చే చిక్కు పెద్దగా లేదు. అమెరికా నుంచి నడిచే పెద్ద ఓడల్లో వంటవాళ్ళలోను, వడ్డించేవాళ్ళలోను భారతీయులు ఎక్కువగా కనిపిస్తారు. మొదటి రాత్రే పెద్ద వెయిటరుతో మాట్లాడి, ఉల్లి, వెల్లుల్లి లేని రోజు ఏదో కూడా చెప్పి పెడితే మరునాటి నుంచి ఆమెకు విడిగా చేసి తెస్తారు. ఎక్కిన రోజు మాత్రం సర్దుకోవాలి. వంటశాల శుభ్రత గురించి మీకు ఊహాగానాలు అక్కరలేదు. విదేశీ రేవులను తాకి అమెరికాకు వచ్చే ఓడలను ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలవారు (సి.డి.సి.) చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీ చేసి, నూటికి మార్కులు వేసి, నివేదికను అందరికీ కనిపించేలా పెడతారు. 86 వస్తే పాసు, 85 వచ్చిందంటే తప్పినట్టు. మార్కు ఒక్కటే చూసి ఊరుకోకుండా, గత రెండు మూడు నివేదికల్లో ఏయే లోపాలు రాశారో చదవండి. చల్లారిన పదార్థం, పనిచేయని ఫ్రిజ్, పాత్రలు కడిగే యంత్రంలో చాలని వేడి, ఇలాంటివి ప్రతిసారీ వస్తున్నాయంటే ఆ వంటశాలకు కొత్త టైల్స్ వేసినంత మాత్రాన జబ్బు నయం కాలేదన్నమాట.

డబ్బు విషయంలో జాగ్రత్త పడవలసింది ఒకటుంది. చాలా కంపెనీలు ప్రయాణానికి సుమారు 75 నుంచి 90 రోజుల ముందే మొత్తం సొమ్ము కట్టమంటాయి. ఇంత దగ్గరి తేదీకి ఇప్పుడు బుక్ చేస్తే డిపాజిట్‌తో సరిపోకపోవచ్చు, పూర్తి సొమ్ము ఒకేసారి పోతుంది. మనసు మార్చుకుంటే తిరిగి వచ్చేది రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఓడ గోదిలోనే ఇరుక్కుపోయి కంపెనీయే ప్రయాణం రద్దుచేస్తే మీ డబ్బు మీకు వస్తుంది. అమెరికా రేవు నుంచి బయలుదేరవలసిన ప్రయాణం రద్దయినా, ఎక్కించుకోవడం మూడు రోజులు, అంతకుమించి ఆలస్యమైనా ప్రయాణికుడు సొమ్ము వాపసు అడగవచ్చని ఫెడరల్ మారిటైమ్ కమిషన్ 2022 నుంచి నిబంధన అమలు చేస్తోంది. కానీ ఓడ సమయానికే బయలుదేరి, అందులో కొత్త ఈతకొలను తాడు కట్టి మూసి ఉంటే ఆ నిబంధన మీకు అక్కరకు రాదు. టికెట్టు వెనక ఉండే ఒప్పందంలో సౌకర్యాలను, రేవులను మార్చే హక్కు కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది. మీరు ప్లేనో నుంచి కారులో వెళ్తారు కాబట్టి విమానం టికెట్ల బెడద లేకపోవడం మీ అదృష్టం. అయితే దారి మూడు వందల మైళ్ళ దాకా ఉంటుంది, ముందురోజు రాత్రే గాల్వెస్టన్ చేరుకోండి. చలికాలంలో ఆ రేవు ముఖద్వారం పొగమంచుతో మూసుకుపోయి ఓడలు గంటలకొద్దీ ఆలస్యం కావడం ఉంది, డిసెంబరులో వెళ్తున్నారు కనుక తిరుగు ప్రయాణం రోజున ఎవరికీ ముఖ్యమైన పని పెట్టుకోవద్దు.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. అత్తమామల అమెరికా వీసాలు ఎన్నిసార్లయినా రావడానికి వీలైనవేనా, తిరిగి వచ్చే నాటికి చెల్లుబాటులో ఉంటాయా చూడండి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకు మెక్సికో విడిగా వీసా అడగదు. ఓడ ఆగే మిగతా దేశాల సంగతి మాత్రం ఒక్కొక్కటిగా కనుక్కోవాలి, మరమ్మతు తరువాత ఓడ తిరిగే దారి కూడా మారి ఉండవచ్చు గనుక పాత జాబితాను నమ్మవద్దు. మీలో ఎవరిదైనా హెచ్1బి పొడిగింపు వచ్చి, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు దాటి ఉంటే, వకీలును అడగకుండా టికెట్టు కొనవద్దు. కేవలం మెక్సికో వెళ్ళి వచ్చేదానికీ, మధ్యలో ఇంకో దేశంలో ఆగేదానికీ నియమం ఒకటి కాదు. పెద్దవాళ్ళకు మీరు తీసుకున్న ఆరోగ్య బీమా ఓడలోను, విదేశీ రేవులోను పనిచేస్తుందో లేదో కూడా ఈ వారమే చదువుకోండి. ఓడలోని డాక్టరు బిల్లు గది ఖాతాలోనే పడుతుంది, మెక్సికోలో ఆస్పత్రికి దించవలసి వస్తే ఆ ఖర్చు వేరే.

డిసెంబరు ప్రయాణంలో పెద్దవాళ్ళ గదిని ఒకటి రెండు రోజులు మీ పేరున ఆపి ఉంచమని ఏజెంటును అడగండి, చాలాచోట్ల డబ్బు కట్టకుండానే ఆపుతారు. ఆ గడువులోగా కంపెనీకి ఫోన్ చేసి గడప ఎత్తు, గదుల లెక్క, పటం తేదీ కనుక్కోండి. ఫోన్ స్పీకరులో పెట్టి మామగారిని పక్కనే కూర్చోబెట్టుకోండి. మీకు తోచని ప్రశ్న ఆయనకు తోచవచ్చు. గడప నాలుగైదు అంగుళాలు ఉందని వాళ్ళు చెబితే, మీ ఇంట్లోనే అంత ఎత్తు పీట ఒకటి గుమ్మం దగ్గర పెట్టి, కర్ర లేకుండా ఆయన దాటగలరో లేదో రెండు రాత్రులు చూడండి. దాటలేకపోతే గడప లేని గది దొరికే వారానికి తేదీ మార్చండి, సంక్రాంతికి ఇంకా వ్యవధి ఉంది.